ఈ-సిగరెట్టు: ఒక యంత్రం, దాని చిక్కుల చరిత్ర

ఇంగ్లండులో స్థిరపడిన నా మేనల్లుడు ఒకడు ఇరవై రెండేళ్లు సిగరెట్లు కాల్చి, ఈ-సిగరెట్టు సాయంతో వాటిని మానివేశాడు. పదునాలుగు నెలలు ఒక్క సిగరెట్టు కూడా ముట్టలేదు. ఒక శీతాకాలపు రాత్రి అతని పరికరం నుంచి మాడు రుచి రావడం మొదలైంది. విప్పి తుడిచాడు, ద్రవం నింపి మళ్లీ బిగించాడు. మాడు రుచి పోలేదు. మార్చడానికి ఇంట్లో మరొక కాయిల్ లేదు. ఆ సామాను అమ్మే దుకాణాలు మూసివేశారు. పెట్రోలు బంకులోని చిన్న దుకాణం తెరిచి ఉంది గాని, అతని పరికరానికి సరిపోయే భాగం అక్కడ దొరకలేదు. సిగరెట్లు మాత్రం దొరికాయి.

మరునాడు ఫోను చేసి, “మామయ్యా, చెడిపోని యంత్రం ఏదైనా ఉంటే చెప్పండి, ఎంత ఖరీదైనా కొనుక్కుంటాను” అన్నాడు. నేను వైద్యుడినే గాని యంత్రాలు బాగుచేసేవాడిని కాను. అయినా అతనికి సమాధానం చెప్పడానికి ఈ పరికరం చరిత్రను కొంత చదివాను. చదివిన తరువాత నాకు స్పష్టమైన విషయం ఒకటుంది. ఈ యంత్రపు చరిత్ర చాలావరకు దాని లోపాలను ఒక్కొక్కటిగా సవరించుకుంటూ వచ్చిన చరిత్రే. ఆ సవరణలు నికొటిన్‌ను మరింత చక్కగా శరీరానికి అందించాయి. నికొటిన్ నుంచి మనిషిని విడిపించే సవరణ మాత్రం వాటిలో ఒక్కటీ లేదు.

ముందుగా ఒక మాట. భారతదేశంలో ఈ-సిగరెట్లు నిషిద్ధం. ఆ వివరాలు తరువాత చెబుతాను. విదేశాలలో ఉన్న మన వారిలో వీటిని వాడుతున్నవారు, వారి మేలుకోరే బంధువులు, ఈ వ్యాపారం ఎలా పెరిగిందో తెలుసుకోదలచిన ఇతరులు ఈ వ్యాసాన్ని చదువుతారని నా ఆశ.

తొలి ప్రయత్నాలు

మందులను విద్యుత్తుతో ఆవిరి చేసి పీల్చే ఒక సాధనానికి జోసెఫ్ రాబిన్సన్ అనే అమెరికను 1930లో పేటెంటు పొందాడు. అది అంగడికి రాలేదు. సిగరెట్టుకు బదులుగా వాడదగిన సాధనాన్ని రూపొందించినవాడు హెర్బర్ట్ గిల్బర్ట్. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ అతని ఊరు. పాత ఇనుము వ్యాపారం చేసేవాడు, స్వయంగా ధూమపాని. 1963లో దరఖాస్తు చేయగా 1965లో పేటెంటు లభించింది. అతని సాధనంలో పొగాకు లేదు, నికొటిన్ కూడా లేదు. బ్యాటరీతో వేడిచేసిన, సువాసన గల తడిగాలి మాత్రమే ఉండేది.

కాలం అతనికి అనుకూలమే అనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ధూమపానానికీ గల సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ 1950లోనే బ్రిటనులో ప్రకటించారు. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964 జనవరిలో వెలువడింది. అయినా గిల్బర్ట్ సాధనాన్ని తయారుచేసి అమ్మడానికి ఏ సంస్థా ముందుకు రాలేదు.

అదే దశాబ్దంలో స్వీడనులో మరొక ఆలోచన పుట్టింది. జలాంతర్గాములలో నావికులు పొగతాగడానికి వీలులేదు. వారు నోటిలో పెట్టుకొనే పొగాకుతో సరిపెట్టుకోవడం లుండ్ నగరపు పరిశోధకుడు క్లేస్ లుండ్‌గ్రెన్ గమనించాడు. నికొటిన్‌ను నోటి ద్వారా అందించవచ్చునని 1967లో హెల్సింగ్‌బోర్గ్‌లోని ఏబీ లియో ఔషధ సంస్థకు చెందిన ఊవె ఫెర్నోకు సూచించాడు. ఆ సూచన నుంచి పుట్టినదే నికొటిన్ చూయింగ్ గమ్. 1978లో స్విట్జర్లాండులో, 1984లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. మోతాదును క్రమంగా తగ్గించుకుంటూ కొన్ని నెలలలో మానివేయడం ఆ మందు వాడుకలోనే భాగం. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. ఈ వ్యాసం చివర మళ్లీ అవసరమవుతుంది.

సిగరెట్ల సంస్థలు కూడా ఊరకుండలేదు. ఆర్.జె. రేనాల్డ్స్ సంస్థ 1988లో ‘ప్రీమియర్’ అనే పేరుతో, పొగాకును కాల్చకుండా వేడిచేసే సిగరెట్టును అమెరికాలోని కొన్ని నగరాలలో ప్రయోగాత్మకంగా అమ్మింది. దాని కొనలో బొగ్గుముక్క ఉండేది. ముట్టించడం కష్టం, ఎంతో గట్టిగా పీల్చాలి, వాసన బాగుండదు. కొన్నవారు మళ్లీ కొనలేదు. 1989 మొదట్లోనే సంస్థ దానిని ఉపసంహరించుకుంది. వాడేవారికి విసుగు పుట్టించే సాధనం ఎంత పెట్టుబడి పెట్టినా నిలువదని ఆ వ్యాపారానికి అప్పుడే తెలిసివచ్చింది.

షెన్యాంగ్ ఫార్మసిస్టు

నేటి ఈ-సిగరెట్టు చైనాలో పుట్టింది. ఈశాన్య చైనాలోని షెన్యాంగ్ నగరవాసి హాన్ లిక్ ఔషధశాస్త్రం చదివినవాడు, తీవ్ర ధూమపాని. అతని తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. నికొటిన్ పట్టీలు హాన్ లిక్‌కు తృప్తినివ్వలేదు. దీనికి శరీరధర్మ కారణం ఉంది. పట్టీ రోజంతా ఒకే తీరున కొద్దికొద్దిగా నికొటిన్‌ను విడుదల చేస్తుంది. సిగరెట్టు పీల్చినప్పుడు నికొటిన్ ఊపిరితిత్తుల నుంచి 10, 20 సెకనులలోనే మెదడును చేరుతుంది. ధూమపాని మెదడు అలవాటుపడినది ఆ వేగానికి.

ఆ వేగాన్ని పొగ లేకుండా తెప్పించడమే హాన్ లిక్ లక్ష్యం. 2003లో అతను పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కలిపిన నికొటిన్‌ను ధ్వన్యతీత కంపనాలతో తుషారంగా మార్చడం అతని తొలి పద్ధతి. ఉబ్బస రోగులకు వాడే నెబ్యులైజరులలో కొన్ని ఇదే సూత్రంపై పనిచేస్తాయి. 2004లో ఆ పరికరం ‘రుయాన్’ పేరుతో చైనా అంగడిలోకి వచ్చింది. ఆ మాటకు ‘పొగవంటిది’ అని అర్థం. 2006, 2007 నాటికి ఇటువంటి పరికరాలు ఐరోపా, అమెరికాలకు చేరాయి. క్రమంగా కంపనాల పద్ధతి పోయి, విద్యుత్తుతో వేడెక్కే తీగ స్థిరపడింది.

2013లో ఇంపీరియల్ టొబాకో సంస్థ ఆ పేటెంట్లను 7.5 కోట్ల డాలర్లకు కొన్నది. తాను మామూలు సిగరెట్లను పూర్తిగా విడువలేదని హాన్ లిక్ విలేఖరులకు చెప్పాడు. ఆ యంత్రాన్ని కనిపెట్టినవాడికే అది పూర్తి విడుదలను ఇవ్వలేదు.

వత్తి ఎందుకు మాడుతుంది?

ఈ పరికరంలో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. అవి బ్యాటరీ, కాయిల్ అనబడే సన్నని తీగచుట్ట, ఆ తీగకు ఆనుకొని ఉండే దూది వత్తి, ద్రవం నిలువ ఉండే చిన్న తొట్టి. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికొటిన్, సువాసన పదార్థాలు ఉంటాయి.

కిరోసిను దీపాలు ఎరిగినవారికి దీని పని సులభంగా అర్థమవుతుంది. వత్తి చమురును పైకి లాగుతుంది. చమురు అందుతున్నంతసేపు వత్తి నిలుస్తుంది, చమురు అడుగంటితే వత్తే మాడుతుంది. ఇక్కడ నిప్పు లేదు, వేడి తీగ ఉంది. ద్రవం ఆవిరవుతూ తీగ వేడిని తీసుకుపోతుంది. తొట్టి ఖాళీ అయినప్పుడు, చిక్కని ద్రవం వత్తిలోకి త్వరగా ఇంకనప్పుడు, కొత్త కాయిల్ వేసి వత్తి తడవకముందే పీల్చినప్పుడు, విరామం లేకుండా వెంటవెంట పీల్చినప్పుడు తీగ వేడి హద్దు మీరుతుంది. వత్తి మాడుతుంది. తీపి కోసం ద్రవంలో చేర్చే పదార్థాలు కూడా తీగపై నల్లని పెచ్చుగా పేరుకుంటాయి. ఒకసారి మాడిన వత్తిని ఎంత కడిగినా మాడు రుచి పోదు, దానిని మార్చవలసిందే. నా మేనల్లుడి ప్రయత్నం ఆ రాత్రి ఫలించకపోవడానికి కారణం ఇదే.

రెండవ చిక్కు కారడం, గుడగుడలాడడం. సిగరెట్టుకు అలవాటైనవారు గట్టిగా, చిన్నగా పీలుస్తారు. ఈ పరికరానికి నెమ్మదిగా, దీర్ఘంగా పీల్చడం కావాలి. గట్టిగా పీల్చినప్పుడు ఆవిరి కావలసిన దానికంటే ఎక్కువ ద్రవం తీగ గదిలోకి వచ్చి గాలిదారిలో నిలుస్తుంది. పరికరం హుక్కా వలె గుడగుడమంటుంది, ద్రవం నోటికి తగులుతుంది. విమానం పైకి లేచినప్పుడు గదిలో గాలి ఒత్తిడి తగ్గి, తొట్టిలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటకు నెడుతుంది. ఆ ద్రవంలో నికొటిన్ ఉన్నది గనుక కారినప్పుడు చేతులు వెంటనే కడుక్కోవాలి. పసిపిల్లలు ఆ ద్రవాన్ని కొద్దిగా మింగినా ప్రమాదం సంభవించవచ్చు.

తృప్తి కోసం వేడి, వేడితో కొత్త ప్రమాదాలు

తొలి పరికరాలపై వాడుకరుల ప్రధాన ఫిర్యాదు తృప్తి లేకపోవడం. అది అపోహ కాదు. వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐసెన్‌బర్గ్ 2010లో ప్రచురించిన పరిశోధనలో 16 మంది ధూమపానులు నాటి రెండు రకాల ఈ-సిగరెట్లను పది దమ్ముల చొప్పున పీల్చారు. వారి రక్తంలో నికొటిన్ చెప్పుకోదగినంతగా పెరగలేదు.

దీనికి విరుగుడుగా పెద్ద బ్యాటరీలు, పెద్ద తొట్లు, విద్యుత్తును పెంచి తగ్గించే మీటలు వచ్చాయి. కొందరు స్వయంగా తీగ చుట్టుకొని, వత్తి అమర్చుకొనే విద్య నేర్చారు. నికొటిన్ బాగా అందింది, దానితోపాటు వేడి కూడా పెరిగింది. 2015లో పోర్ట్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 3.3 వోల్టుల వద్ద కనిపించని ఫార్మాల్డిహైడ్ సంబంధ పదార్థాలు 5 వోల్టుల వద్ద తుషారంలో ఉన్నట్లు కనుగొన్నారు. గ్రీకు హృద్రోగ వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సాలినోస్ బృందం దీనికి సమాధానం చెప్పింది. అంత వేడిలో వత్తి ఎండి మాడు రుచి వస్తుందని, అనుభవజ్ఞులు ఆ రుచిని గుర్తించి పీల్చడం ఆపివేస్తారని వారి వాదం. ఈ వాదప్రతివాదాల నుంచి మనం గ్రహించవలసినది ఒకటుంది. మాడు రుచి కేవలం అసౌకర్యం కాదు, అది హెచ్చరిక. ‘ఈ తొట్టి అయ్యేదాకా ఓర్చుకుందాం’ అని పీల్చేవారు ఆ హెచ్చరికను కాదని విషపదార్థాలను పీలుస్తున్నారు.

బ్యాటరీల సంగతి మరొకటి. 2009 నుంచి 2016 చివరి వరకు అమెరికాలో ఈ-సిగరెట్లు పేలిన లేక అంటుకున్న సంఘటనలు 195 అని ఆ దేశపు అగ్నిమాపక యంత్రాంగం లెక్కించింది. 133 మంది గాయపడ్డారు. వారిలో 38 మంది గాయాలు తీవ్రమైనవి. జేబులో ఉండగానే పేలినవి కూడా వీటిలో ఉన్నాయి. విడి లిథియం బ్యాటరీని తాళపుచెవులతో, నాణేలతో కలిపి జేబులో వేసుకుంటే విద్యుత్తు అడ్డదారిన ప్రవహించి అది పేలవచ్చు.

చిక్కులు లేని యంత్రం వచ్చినప్పుడు

నా మేనల్లుడు కోరిన యంత్రం నిజానికి వచ్చింది. 2015లో అమెరికాలో జూల్ అనే పరికరం విడుదలైంది. మీటలు లేవు, ద్రవం నింపే పని లేదు, కాయిల్ మార్చే పని లేదు. చిన్న గుళికను గుచ్చి పీల్చడమే. అందులో నికొటిన్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపి లవణంగా మార్చారు. సాధారణ నికొటిన్ గాఢత పెరిగితే గొంతు మండుతుంది. లవణ రూపంలో ఆ మంట తగ్గుతుంది గనుక ఎక్కువ గాఢతను సులువుగా పీల్చవచ్చు. అమెరికాలో అమ్మిన గుళికలలో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికొటిన్ ఉండేది. ఐరోపా సమాఖ్య అనుమతించిన పరిమితి 20 మిల్లీగ్రాములు.

విసుగు తొలగింది, గొంతు మంట తొలగింది. ధూమపానులతో పాటు, ఏనాడూ సిగరెట్టు ముట్టని పాఠశాల విద్యార్థులు కూడా ఆ పరికరాన్ని చేతబట్టారు. గొంతు మంట, యంత్రపు చిక్కులు అప్పటివరకు కొత్తవారికి ఒక అడ్డుగోడగా ఉన్నాయని అది కూలిన తరువాత తెలిసింది. అటుపై వాడి పారవేసే పరికరాలు వెల్లువగా వచ్చాయి. వాటిని బాగుచేసే అవసరమే లేదు, చెత్తలో వేయడమే. పిల్లల వాడుక, పోగుపడుతున్న చెత్త కారణంగా బ్రిటను 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది.

2019లో అమెరికాలో ఆవిరి పీల్చినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి సోకడం కలకలం రేపింది. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేక మరణించారు. మరణాలు 68. గంజాయి సారమైన టీహెచ్‌సీ గల అక్రమ ద్రవాలలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్‌కు ఆ వ్యాధితో బలమైన సంబంధం ఉన్నట్లు తేలింది. ఊరూపేరూ లేని ద్రవాన్ని ఊపిరితిత్తులలోకి పంపడం ఎంతటి సాహసమో ఆ సంఘటన చెబుతుంది.

సిగరెట్టు మాన్పించడంలో దీని పాత్ర

నిష్పక్షపాతంగా చెప్పవలసిన విషయం మరొకటుంది. న్యూజీలాండులో 657 మందిపై జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. ఆరు నెలల తరువాత సిగరెట్టుకు దూరంగా ఉన్నవారు నికొటిన్ గల ఈ-సిగరెట్లు వాడినవారిలో 7.3 శాతం, పట్టీలు వాడినవారిలో 5.8 శాతం. ఆ తేడా చెప్పుకోదగినది కాదు. 2019లో బ్రిటనులో 886 మందిపై జరిగిన పరిశోధనలో మెరుగైన పరికరాలు, వాటితోపాటు వారం వారం సలహాలు ఇచ్చారు. ఏడాది తరువాత సిగరెట్టు మానినవారు ఈ-సిగరెట్ల వర్గంలో 18 శాతం, గమ్, పట్టీల వంటి మందుల వర్గంలో 9.9 శాతం.

అదే పరిశోధనలో మరొక అంకె ఉంది. అలా మానినవారిలో ఈ-సిగరెట్టును ఏడాది తరువాత కూడా వాడుతున్నవారు 80 శాతం. మందుల వర్గంలో మానినవారిలో ఇంకా మందు వాడుతున్నవారు 9 శాతమే. యంత్రం సిగరెట్టును మాన్పించింది, కాని తాను వదలిపోలేదు. సిగరెట్టు కాల్చడం కంటే అది తక్కువ హానికరమని నేను అంగీకరిస్తాను. హాని లేనిదని అంగీకరించలేను. పైగా నికొటిన్‌కు లోబడిన మెదడు, యంత్రం మొరాయించిన ప్రతిసారీ పాత మిత్రుని వైపు చూస్తూనే ఉంటుంది.

మన దేశంలో

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిలువ, ప్రకటనలను నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో అది చట్టమైంది. అమ్మకం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు. అందువలన విదేశాల నుంచి వచ్చే బంధువులను ఇవి తెమ్మని కోరకండి. దొంగచాటుగా అమ్మేవారి వద్ద కొనకండి. ఆ ద్రవంలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

మీరు చేయవలసినది

విదేశాలలో ఉండి ఈ పరికరంతో సిగరెట్టు మానిన వారికి నా సూచనలివి. మాడు రుచి రాగానే పీల్చడం ఆపండి. విడి బ్యాటరీని ప్రత్యేకమైన పెట్టెలో ఉంచండి. ద్రవాన్ని పిల్లలకు అందనీయకండి. అన్నిటికంటె ముఖ్యంగా, యంత్రం చెడే రాత్రి కోసం నికొటిన్ గమ్ ఒక పెట్టె ఇంట్లో ఉంచుకోండి. ఆ గంట గడిస్తే సిగరెట్టు అవసరం దాటిపోతుంది. ఒకవేళ దాటలేక ఒక సిగరెట్టు కాల్చినా అంతా పోయిందని భావించి రెండవది ముట్టించకండి. తరువాత మీ వైద్యునితో మాట్లాడి, ద్రవంలో నికొటిన్ గాఢతను మెట్లుమెట్లుగా తగ్గించుకొని, పరికరాన్ని కూడా మానివేసే తేదీని నిర్ణయించుకోండి.

మన దేశంలో సిగరెట్టు, బీడీ, చుట్ట మానదలచినవారికి నికొటిన్ గమ్, నికొటిన్ పట్టీలు, వైద్యుల పర్యవేక్షణలో వాడదగిన వారెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అనే మందులు ఉన్నాయి. గమ్ పనిచేయలేదని చాలామంది అంటారు. విచారిస్తే వారు దానిని మామూలు చూయింగ్ గమ్ వలె ఆపకుండా నమిలి ఉంటారు. అలా నమిలితే నికొటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, మెదడుకు చేరేది తక్కువ. కొద్దిసేపు నమిలి, నాలుకకు చురుకు తగలగానే గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట సేపు ఇలా చేయాలి. వాడడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, పండ్లరసాలు తీసుకోరాదు. సలహాల కోసం జాతీయ పొగాకు విరమణ కేంద్రానికి 1800-11-2356 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

నా మేనల్లుడికి నేను ఏ యంత్రం పేరూ చెప్పలేదు. ఆ రాత్రి కొన్న సిగరెట్ల పెట్టెలో ఎన్ని మిగిలాయని అడిగాను. పదహారు ఉన్నాయన్నాడు. వాటిని నీళ్లలో నానబెట్టి పారవేయమన్నాను. కొత్త కాయిల్‌తో పాటు ఒక గమ్ పెట్టె కొనమన్నాను. ద్రవంలో నికొటిన్‌ను రెండు నెలలకొక మెట్టు చొప్పున తగ్గించమని వివరంగా వ్రాసి పంపాను. అతని పరికరం ఆ తరువాత మరి రెండుసార్లు మొరాయించింది. సిగరెట్టు కొనలేదు. ఇప్పుడు నికొటిన్ లేని ద్రవం వరకు వచ్చాడు. పరికరాన్ని కూడా పక్కనపెట్టవలసిన తేదీ గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టి ఉన్నదని మొన్న ఫోనులో చెప్పాడు.